గేటు వరకే

నాగరికత సంతకంతో మొదలవుతుందని నా నిశ్చితాభిప్రాయం. అంతకుముందు మనుషులు ఒకరి మాట ఒకరు నమ్ముకుని అనాగరికంగా బతికేవారు. నేనూ, మా లాడ్జి దుప్పట్లు ఉతికే లాండ్రీ ఆయనా పదేళ్లు అలాగే అఘోరించాం. ఆయన మూట భుజాన వేసుకుని మూడో అంతస్తు దాకా ఎక్కేవాడు. చిరిగినవి కుట్టించి తెచ్చేవాడు. వాన పడితే ఒక పూట ఆగి పొడిగా తెచ్చేవాడు. పైగా నన్ను ‘అన్నా’ అనేవాడు.

ఈ అరాచకం చూసి, కొత్తగా మేనేజరుగా చేరిన మా బావమరిదికి కడుపు తరుక్కుపోయింది.

“బావా, రేపు ఈయన చెయ్యిస్తే ఏ ఆధారంతో నిలదీస్తావు?”

పదేళ్లలో రాని అనుమానం నాకు నిమిషంలో వచ్చింది. బావమరిది ఒప్పందం రాశాడు. దుప్పట్లు ఉదయం ఎనిమిదింటికల్లా గేటు దగ్గర అప్పగించాలి. ఆలస్యమైతే బిల్లులో కోత. వానా, జ్వరమూ, చుట్టాల చావులూ సాకులుగా చెల్లవు. లాండ్రీ ఆయన చదివి, కాసేపు నా ముఖం చూసి, సంతకం పెట్టాడు.

మర్నాటి నుంచి క్రమశిక్షణ వెల్లివిరిసింది. ఎనిమిదింటికి మూట గేటు దగ్గర దిగేది. చిరిగినవి చిరిగినట్టే వచ్చేవి. నేనేం తక్కువ తిన్నానా? ఒప్పందంలో లేదని ఆయనకు రోజూ ఇచ్చే కాఫీ మాన్పించాను. ఆయన నన్ను ఒప్పందంలో రాసినట్టే ‘మొదటి పార్టీ గారూ’ అనడం మొదలుపెట్టాడు.

ఇంతలో వర్తక సంఘం అధ్యక్షుడు తన అతిథుల కోసం లాడ్జి మొత్తం తీసుకున్నాడు. వాళ్లు మెచ్చితే ఇక ఏడాదంతా సంఘం అతిథులు మాకే. మధ్యాహ్నం వాళ్లు దిగుతారనగా, పొద్దున్నే కుండపోత వాన. లాండ్రీ ఆయన ఎనిమిదింటికి వచ్చి, ఆ వానలోనే మూట గేటు దగ్గర దించి వెళ్లాడు. ఒప్పందం అక్షరాలా అమలైంది. దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి.

గొడుగైనా లేకుండా, ఆ మూట నెత్తిన పెట్టుకుని లాండ్రీకి పరిగెత్తాను.

“తమ్ముడూ, నా పరువు నీ చేతుల్లో ఉంది. అన్నదమ్ముల మధ్య కాగితాలేమిటి?”

“కాగితం తెచ్చింది మీరేగా, మొదటి పార్టీ గారూ.”

నాకు ఏడుపొచ్చింది, నిజంగానే. అది చూసి ఆయన మెత్తబడ్డాడు. మిగతా వాళ్ల పని పక్కన పడేసి, భార్యనూ మరదలినీ కూడా ఇస్త్రీ పెట్టెల ముందు నిలబెట్టి, ఒక్కో దుప్పటీ ఆరబెట్టించాడు. పదకొండింటికి తనే మోసుకుని మూడో అంతస్తు ఎక్కి, మంచాల మీద పరిచి మరీ దిగాడు. ఆయన్ని కౌగిలించుకుని, మనిషికి మనిషే ఆధారమని గద్గద స్వరంతో ప్రకటించాను.

అతిథులు మెచ్చారు. ఏడాది బేరం ఖాయమైంది. సాయంత్రం బావమరిది లాండ్రీ బిల్లు పట్టుకొచ్చాడు.

“బావా, పొడి దుప్పట్లు చేరింది పదకొండింటికి. ఒప్పందం ప్రకారం ఆలస్యానికి కోత వెయ్యాలి. మొత్తం వెయ్యమంటావా?”

నాకు ఒళ్లు మండింది. పని మానుకుని, మెట్లెక్కి, నా పరువు నిలబెట్టిన మనిషి! తోడబుట్టినవాడితో సమానం!

“సగమే వెయ్యి” అన్నాను.