హుల్డా ఊరగాయ, ఆర్విల్ బంగారం

1933 ఏప్రిల్‌లో ఒక శనివారం. నెబ్రాస్కాలోని ఒక చిన్న ఊళ్లో మంగలి ఆర్విల్ స్టెన్‌బర్గ్ కాఫీ తాగేసి దుకాణం తెరుద్దామనుకున్నాడు. పేపరు చూసి ఆగిపోయాడు. బంగారు నాణేలున్నవాళ్లు మే ఒకటిలోగా బ్యాంకులో ఇచ్చేసి కాగితం నోట్లు పుచ్చుకోవాలట. దాచుకుంటే పదేళ్ల జైలట. భయపడడానికి అంతవరకు చాలని ఆర్విల్ మిగతాది చదవలేదు.

అతని దగ్గరున్నది ఒక్కటే, డేగ బొమ్మ ఉన్న ఇరవై డాలర్ల నాణెం. తండ్రి పోయేముందు చేతిలో పెట్టి, "ఇల్లయినా అమ్ముకో, దీన్ని మాత్రం వదలకు" అన్నాడు. ఆ మాట తప్పడం ఆర్విల్ వల్ల కాదు. జైలుకెళ్లడం అంతకన్నా కాదు. నేలమాళిగలోకి దిగి, భార్య హుల్డా పెట్టిన బీట్‌రూట్ ఊరగాయ సీసాల్లో వెనక వరసలో చివరిదాని మూత తీసి, ఆ ఎర్రటి నీళ్లలో నాణెం వేసి బిగించాడు. ఆ ఊరగాయను ఊళ్లో ఎవరూ రెండోసారి తిన్న దాఖలా లేదు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆర్విల్ అయితే మొదటిసారే తినలేదు.

మధ్యాహ్నం చర్చి పైకప్పు బాగుకోసం వేలంపాట జరిగింది. ఊరి ఆడవాళ్లు చేసి తెచ్చిన కేకులన్నీ అయ్యాక బల్ల మీదికి హుల్డా సీసా వచ్చింది.

"పాతదైతే బాగా ఊరుతుందని వెనక వరసలో చివరిది తెచ్చా" అని హుల్డా పక్కావిడతో అంటోంది. ఆర్విల్ పైప్రాణాలు పైనే పోయాయి.

"పది సెంట్లు!" అన్నాడు పాట నడిపే పెద్దమనిషి. ఎవరూ కిక్కురుమనలేదు.

"డాలరు!" అని అరిచాడు ఆర్విల్.

బ్యాంకు మేనేజరు హాల్డేన్ కళ్లు చిన్నవయ్యాయి. మంగలి డాలరు పెడుతున్నాడంటే అందులో ఏదో విశేషం ఉండే ఉంటుంది.

"రెండు!" అన్నాడాయన.

"మూడు!"

"ఏంట్రా ఆర్విల్, ఇంట్లో ఊరికే దొరికేదానికి డబ్బులు తగలేస్తావా?" అని వెనకనుంచి ఎవరో కేకేశారు.

"మా ఆవిడ చేతి రుచి మీకేం తెలుసు? ఆరు!"

ఆరు డాలర్లంటే వారం రోజుల గడ్డాలు. హాల్డేన్ తగ్గాడు. హుల్డా కళ్లొత్తుకుంది.

"ఇన్నేళ్లకు నోరు తెరిచి అడిగావు. ఇంటిదాకా ఎందుకూ, అందరి ముందూ తిను" అంటూ సీసాను పళ్లెంలో వంచింది. ముక్కలతోపాటు నాణెం ఠంగుమని పడింది.

ఆర్విల్ వెళ్లి హాల్డేన్ ముందు రెండు చేతులూ చాపాడు.

"సంకెళ్లు వేయించండి సార్. ఉన్నది అదొక్కటే. మా నాన్నది."

"సంకెళ్లెందుకయ్యా? మనిషికి వంద డాలర్లదాకా ఉంచుకోవచ్చు. పేపరు పూర్తిగా చదవలేదా?"

జనం విరగబడి నవ్వారు. హుల్డా మాత్రం నవ్వలేదు.

"అయితే నువ్వు పాడింది నా ఊరగాయకు కాదన్నమాట."

ఆర్విల్ గబుక్కున ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. అతని మొహం చూశాక హుల్డాకు ఇక ఏ సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. నాణెం తీసి, శుభ్రంగా తుడిచి, తన చేతిసంచిలో వేసుకుంది.

"అది మా నాన్న..."

"మనిషికి వందదాకా అన్నారుగా. నేనూ మనిషినే."

ప్రభుత్వమైతే బదులుగా కాగితం నోట్లయినా ఇచ్చేది.