శుక్రవారం దాకా నిలవాల్సిన చర్చి

పిల్లప్ప ఆ రోజు పొద్దున్న పెట్టుకున్న పని ఒక్కటే. వీధి చివరి చర్చికి వెళ్ళి, పాదిరికి పెళ్ళిపత్రిక ఇచ్చి, శుక్రవారానికి సావడి అడగాలి. కొడుకు మునిరాజు పెళ్ళి. తాళి కట్టడం ఇంట్లో, భోజనాలు చర్చిని ఆనుకున్న పెంకుల సావడిలో. ఆ వీధిలో ఎవరింట పెళ్ళయినా అన్నం పెట్టేది అక్కడే. సావడి ఏ దేవుడిదని సాంబారు ఎన్నడూ అడగలేదు.

దేవనహళ్ళి వియ్యంకుడు వెంకటరాయప్ప ముందే తేల్చి చెప్పాడు: "మావాళ్ళు వీధిలో కూచోని తినేవాళ్ళు కాదప్పా. నెత్తిన కప్పు ఉండల్ల. లేదంటే లారీ అట్లే వెనక్కి తిప్పుకోని పోతాము."

ఆరోగ్యసామి పాదిరి పత్రిక అందుకొని, వేళ్ళకంటిన పసుపు తుడుచుకున్నాడు.

"సంతోషం పిల్లప్పా. కానీ బుధవారం చర్చీ సావడీ రెండూ పడగొట్టిస్తాండాము. సిమెంటుతో కొత్తది కట్టేది."

"శుక్రవారం దాకా ఆపండి సామీ."

"కూలోళ్ళు వచ్చేసినారప్పా. నా చేతిలో ఏముండాది?"

పిల్లప్ప కాఫీ హోటలు ముందు కూలబడ్డాడు. గరడీలో కుర్రాళ్ళకు కుస్తీ నేర్పే ఉస్తాదు అంజినప్ప అక్కడే దోసె తింటున్నాడు. కొడుకు పెళ్ళికోసం చర్చిని నిలపండి అంటే ఎవడూ దోసె వదలడు. పిల్లప్ప చర్చి గోడలోని పెద్ద బొక్కను చూపించాడు.

"అది చూసినావా అంజినప్పా? సుల్తాను కాలంలో ఫిరంగి గుండు తగిలిన బొక్క. అట్లాంటి గోడను పడగొడతారంట!"

ఆ బొక్క పిల్లప్ప తండ్రి రాళ్ళబండిని వెనక్కి తోలినప్పుడు పడింది. ఆ సంగతి తెలిసిన ఎద్దులు ఎప్పుడో చచ్చాయి.

సాయంత్రానికి వీధంతా చర్చిమీద ప్రేమతో ఊగిపోయింది. అప్పడాలు ఆరబెట్టుకోవడానికి ఆ ఆవరణే దిక్కయిన పాపక్క "మన చరిత్ర!" అని రొమ్ము బాదుకుంది. ఆ గోడ నీడలో గుర్రాలు కట్టే జట్కావాళ్ళు జెండాలు పట్టారు. చర్చిని కాపాడమని అరిచినవాళ్ళలో ఒక్కడూ దాని గడప తొక్కినవాడు కాదు. ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు మాత్రం కొత్త సిమెంటు కావాలన్నారు. వాళ్ళ మాట ఎవరికి కావాలి?

మరునాడు పొరుగు వీధులవాళ్ళు బొక్కను చూడటానికి వచ్చారు. వచ్చినవాళ్ళు వట్టి బొక్క చూసి పోవడం అంజినప్పకు బాగనిపించలేదు. గరడీలో ఎత్తే రాతిగుండు ఒకటి తెచ్చి, సున్నం పెట్టి, బొక్కలో ఇరికించాడు.

"ఇదేం పని అంజినప్పా?" అన్నాడు పిల్లప్ప.

"నువ్వు సుమ్నె గమ్మునుండప్పా. బొక్క ఉంటే గుండు ఉండద్దా?"

పేపరతను వచ్చి ఫోటో తీశాడు. బుధవారం పొద్దున గునపాలు పట్టుకొచ్చిన కూలీలు గుంపును చూసి, బీడీలు వెలిగించుకొని కూర్చున్నారు. గురువారం జీపులో సర్కారు ఆఫీసరు దిగాడు. రాతిగుండును కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకొని ఒకసారి చూశాడు. పడగొట్టడం నిలిపేస్తున్నట్టు ప్రకటించాడు. జనం పిల్లప్ప మెడలో దండ వేశారు. జీవితంలో మొదటిసారి అతను అనుకున్న పని అయింది.

ఆ సుఖం ఆఫీసరు జేబులోంచి తాళం తీసేదాకా ఉంది.

"విచారణ పూర్తయ్యేవరకు ఎవ్వరూ లోపలికి పోకూడదు."

"సార్, రేపు మాది పెండ్లి ఊట! సావడిలో భోజనాలు పెట్టల్ల!"

"పొయ్యి పెడతారా? చరిత్రకు మసి పట్టిస్తారా?"

పిల్లప్పకు ఇక నిజం తప్ప గతి లేదు. "సార్, అది ఫిరంగీ కాదు, మన్నూ కాదు. మా నాయన బండి గుద్దితే పడిన బొక్క!"

ఆఫీసరు ముఖం వెలిగింది. "ఫిరంగిని లాగిన బండా? అయితే మీ వంశం సైన్యంలో ఉండేదన్నమాట!"

జనం ఇంకో దండ వేశారు. పాదిరి నోరు తెరవబోయాడు. ఆఫీసరు ఆయనను కూడా బయటికి పంపి ఆవరణ గేటుకు తాళం వేశాడు.

"సంబడం!" అంది పిల్లప్ప భార్య చౌడమ్మ. "ఈ దండలే పరిచి వడ్డించు వియ్యంకుడికి."

శుక్రవారం వీధిలోనే తాటాకు పందిరి వేశారు. దేవనహళ్ళి లారీతోపాటు వాన కూడా వచ్చింది. వెంకటరాయప్ప తాళం చూశాడు, కారుతున్న పందిరి చూశాడు.

"లారీ తిప్పప్పా!"

డ్రైవరు వెనక్కి చూశాడు. చర్చిని కాపాడిన జనమంతా వీధి పొడుగునా బంతులు తీరి, ఆకులు ముందేసుకొని కూర్చుని ఉన్నారు. హారన్ కొడితే ఒకడు "పాయసం ఇట్లా!" అన్నాడు. ఎవరూ లేవలేదు. లారీ తిరగలేదు. తిరగలేదు గనుక పెళ్ళి జరిగింది. వెంకటరాయప్ప నెత్తిన విస్తరి బోర్లించుకొని అక్షింతలు వేశాడు, వియ్యంకుడి కళ్ళలో పడేలా.

ఆదివారం తెల్లవారి పందిరి విప్పబోతుంటే పాదిరి గొడుగు వేసుకొని వచ్చాడు. వెనక ప్రార్థనకు వచ్చినవాళ్ళు పుస్తకాలు చంకన పెట్టుకొని తడుస్తున్నారు.

"పిల్లప్పా, ఈ పందిరి కొన్నాళ్ళు ఉంచుతావా? ప్రార్థన చేసుకునేదానికి మాకు చోటు లేదు."

పిల్లప్పకు కాదనే ముఖం లేదు. విచారణ తెమలక మూడు వానాకాలాలు ఆ పందిరి కిందే ప్రార్థనలు జరిగాయి. పాపక్క అప్పడాలు దానిమీద, జట్కా గుర్రాలు దాని గుంజలకు.

చర్చికి మాత్రం ఏ లోటూ లేదు. దాన్ని వాడుకునేవాళ్ళ బెడద పూర్తిగా తప్పింది.