ఆరక్షరాలు చదివిన అంధుడు

మనిషిగా పుట్టిన ప్రతి ఒక్కరికీ ప్రతి సేవా సమానంగా అందాలని సార్వత్రిక సౌలభ్య విభాగం తీర్మానించింది. ఆ తీర్మానాన్ని ‘సర్వజన విత్తనం’ యాప్ మొదటి పేజీలో, తెలుపు మీద లేత బూడిదరంగు అక్షరాలతో వేయించింది. (కళ్లున్నవాళ్లకు కూడా అది కనిపించదు. సమానత్వం అక్కడినుంచే మొదలు.)

ఉరవకొండ పక్క పల్లెలో ఉండే నరసింహప్పకు ఈ శుభవార్త చదివి వినిపించింది ఆయన కూతురు రేఖ. నీటికాసుల జబ్బు నరసింహప్ప చూపునంతా తీసుకుపోయింది గానీ, ఆయన మెట్ట చేనును మాత్రం వదిలేసింది. ఆ వారమే వాన పడింది. నేల పదును ఆరేలోపు వేరుశనగ విత్తనం పడకపోతే ఆ ఏడు చేను బీడే. బయట కొనే తాహతు లేదు. సబ్సిడీ విత్తనం యాప్‌లో నమోదైనవారికే ఇస్తారు.

“ఏమప్పా నరసింహప్పా, విత్తే గొర్రు కట్టవేమి?” అని పక్క చేను తిప్పన్న గట్టుమీదనుంచి కేకేశాడు. “పదును నీకోసరం నిలబడుకోని ఉంటాదా?”

“ఫోన్‌కు నామింద నమ్మకం కుదరాల కదన్నా,” అన్నాడు నరసింహప్ప.

ఆ యాప్‌లో ఆత్మగౌరవ నిబంధన అని ఒకటుంది. చూపు లేనివారు ఎవరిమీదా ఆధారపడకూడదు కనక, ఫోన్‌ను వారే స్వయంగా వాడాలి. కెమెరాలో రెండో ముఖం గానీ రెండో మనిషి చెయ్యి గానీ కనిపిస్తే యాప్ మూసుకుపోతుంది. పక్కనుంచి గొంతు వినిపించినా అంతే. (ఆత్మగౌరవం అంత సుకుమారమైనది.) అంధుల విభాగంలోకి వెళ్తే ఫోన్ అన్నీ పైకి చదివి వినిపిస్తుంది. అందులోకి వెళ్లాలంటే మాత్రం తెరమీద బొత్తాం ఎక్కడుందో చూసి నొక్కాలి. ఆపైన, నొక్కినది యంత్రం కాదు మనిషేనని రుజువుగా, వంకరటింకరగా రాసిన ఆరక్షరాలు చదవాలి.

నరసింహప్ప ఫోన్ పట్టుకుని నులకమంచంమీద కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. రేఖ ఆ మంచం కింద దూరింది. బడిలో జవాబు తెలిసినా చెయ్యెత్తని పిల్ల. దాక్కోవడం ఆమెకు కొత్త కాదు. ఎడమ మోకాలు తడితే వేలు ఎడమకు, కుడి మోకాలు తడితే కుడికి. నరసింహప్ప వేలు తెరమీద గొర్రులా నెమ్మదిగా నడిచి బొత్తాన్ని చేరింది. తర్వాత ఆమె నులక సందుల్లోంచి తెరను చూస్తూ, ఆరక్షరాలనూ ఒక్కొక్కటిగా తండ్రి అరికాలిమీద వేలితో రాసింది. ఆయన చక్కిలిగింతలు ఓర్చుకుంటూ పైకి చదివాడు.

యాప్ జవాబిచ్చింది: “మీరు చదవగలిగారు. కనక మీరు అంధులు కారు.”

రెండోసారి ఆయన చదవకుండా ఊరకున్నాడు. యాప్ మళ్లీ జవాబిచ్చింది: “మీరు చదవలేకపోయారు. కనక మీరు మనిషి కారు.”

మామూలు విభాగంలో ప్రయత్నిస్తే, పింఛను రికార్డులో అంధుడని ఉంది కనక అక్కడ వీలు కాదంది. చివరికి దరఖాస్తు ‘పరిశీలనలో’ పడింది. ఇక అధికారి స్వయంగా వచ్చి ఒప్పుకుంటేనే విత్తనం.

సంయుక్త సౌలభ్యాధికారి ఓబిలేష్ జీపులో వచ్చాడు. మంచంమీద కూర్చుని ఫైలు తెరిచాడు.

“నీకు చూపు లేదని ఉండాది పెద్దాయనా. అక్షరాలు చదివినావని కూడా ఉండాది. రెండిట్లో ఏది అబద్ధం?”

“రెండూ నిజమే సార్. చదివింది నేను కాదు, నా అరికాలు.”

“అరికాలికి విభాగం లేదప్పా.”

అప్పుడు రేఖ, ఓబిలేష్‌కు కాకుండా గడపకు చెబుతున్నట్టుగా అంది: “ఆ బొత్తాం నొక్కకముందే ఫోన్ మాట్లాడితే సరిపోతాది కద సార్.”

“మంచి సూచన పాపా. యాప్‌లో పెట్టు. సూచనల పేజీ అంధుల విభాగంలోనే ఉండాది.”

యాప్‌లో లోపమేమీ లేదని చూపించడం ఆయన బాధ్యత. ఇందుకోసం పుట్టపర్తి లాడ్జిలో శిక్షణ పొంది, కళ్లు మూసుకుని ఆ బొత్తాం నొక్కడం నేర్చుకుని వచ్చాడు. తువ్వాలు తీసి కళ్లకు గట్టిగా కట్టుకుని, నరసింహప్ప ఫోన్ అందుకున్నాడు. తువ్వాలు కట్టిన ముఖాన్ని యాప్ వెంటనే అంధుడిగా గుర్తించి, ఆరక్షరాలు కూడా అడగలేదు. ఓబిలేష్ ధీమాగా నొక్కాడు. ఫోన్ ట్రింగుమంది.

తువ్వాలు విప్పి చూశాడు. సౌలభ్యం మరింత పెంచడానికి ఆ ఉదయమే విభాగం వారు బొత్తాన్ని వేరే మూలకు మార్చారు. పాత చోట ఇప్పుడు ఇంకొకటుంది. తెరమీద ఇలా వచ్చింది: “మీ కోరికపై దరఖాస్తును రద్దు చేశాం. వచ్చే ఖరీఫ్‌కు నమోదు చేసుకోగలరు.”

రేఖ చదివి వినిపించింది. నరసింహప్ప ఓబిలేష్ వైపు ముఖం తిప్పాడు.

“యాడ నొక్కినావు సార్?”

“యాడ నొక్కినానో నాకెట్ల కనిపిస్తాది పెద్దాయనా? కండ్లకు గుడ్డ ఉండె కదా,” అన్నాడు ఓబిలేష్, కొంచెం నొచ్చుకుని.

పై ఆఫీసుకు వెళ్లిన నివేదిక ఇలా ఉంది: “చూపు లేని స్థితిలో ఒక వ్యక్తి ఎవరి సాయమూ లేకుండా యాప్‌ను వాడి, ఒక సేవను సంపూర్ణంగా పొందాడు. (రద్దు కూడా సేవే.) అంధుల విభాగంలో ఫిర్యాదులు: సున్నా.” ఫిర్యాదు చేయాలన్నా ముందు ఆరక్షరాలు చదవాలన్న సంగతి నివేదికలో లేదు. నివేదికలకూ పేజీల పరిమితి ఉంటుంది కదా.

పదును ఆరింది. తిప్పన్న చేలో వేరుశనగ మొలిచి పచ్చగా కమ్ముకుంది. నరసింహప్ప చేలో దుమ్ము లేస్తోంది.

ఓబిలేష్ మళ్లీ వచ్చాడు, ఈసారి కెమెరాతో. యాప్‌కు అవార్డు వచ్చిందట, పోస్టరు వేయాలట. లబ్ధిదారుడిగా నరసింహప్పను ఆయన చేలోనే నిలబెట్టబోయి, వెనక ఏమీ లేదని గమనించి, తిప్పన్న చేలోకి నడిపించాడు. చేతికి ఫోన్ ఇచ్చి నవ్వమన్నాడు.

పోస్టరు ఊరి బడి గోడకు అంటించారు. సాయంత్రం రేఖ తండ్రిని దానిముందుకు తీసుకెళ్లింది.

“ఎట్లుండానమ్మా?”

“బాగుండావు నాయనా. వెనక పైరు కూడా బాగుండాది.”

“ఉండదా మరి, తిప్పన్నది కదా. నా కాళ్లకు తగిలినాది,” అన్నాడు నరసింహప్ప. “కింద ఏమన్నా రాసినారా?”

రేఖ గోడకు దగ్గరగా జరిగి, లేత బూడిదరంగు అక్షరాలను కూడబలుక్కుని చదివింది:

“చూపు లేనివారు మరిన్ని వివరాలకు పై చిత్రాన్ని చూడగలరు.”