ఆరోగ్యమంత్రిగారి కొళాయి

"ఈ క్షణం నుంచి జ్వరం ఆసుపత్రి గేటు దాటడానికి వీల్లేదు. ఇది నా ఆజ్ఞ!"

పీలమేడులో మా మిల్లు మైదానంలో మైకు ముందు నిలబడి ఆరోగ్యమంత్రి పళనివేల్ గారు ఇలా ప్రకటించినప్పుడు చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. నేనూ కొట్టాను. రాజులు సైన్యాలకి ఆజ్ఞలిచ్చారు, కలెక్టర్లు తాసిల్దార్లకి ఇచ్చారు. జ్వరానికి నేరుగా ఆజ్ఞ ఇచ్చిన మనిషిని కళ్లారా చూసే భాగ్యం మాత్రం మా పీలమేడుకే దక్కింది.

మంత్రిగారు మనవాళ్లే. ఇంట్లో మన తెలుగు, మైకులో అచ్చ తమిళం. మైకు వదలగానే పక్కనున్న గోవిందరాజ్‌ని "ఎట్ల మాట్లాడితినప్పా?" అని అడిగారు. గోవిందరాజ్ పీలమేడు పార్టీ కార్యదర్శి.

"జ్వరం వొణికిపోయుంటాదన్నా" అన్నాడు.

నేను అంత గట్టిగా చప్పట్లు కొట్టడానికి కారణం ఉంది. మా అక్క రామక్కాళ్ అప్పుడు మిల్లు కార్మికుల ఆసుపత్రిలో ఉంది. రీలింగ్‌లో ఇరవై ఏళ్లు దారం చుట్టిన మనిషి. రొమ్ములో గడ్డ అన్నారు, కోసి తీశారు, ఇప్పుడు కరెంటు పెడుతున్నారు. కరెంటు పెట్టడమంటే పెద్ద మిషను కింద పడుకోబెట్టి, కంటికి కనబడని వెలుతురుతో మిగిలిన గడ్డని కాల్చడం. దాన్ని మా పక్క అందరూ అలాగే అంటారు.

ఆ వార్డుకి డాక్టర్ కాంతమ్మాళ్ పెద్ద. మద్రాసులో చదివి వచ్చింది. ఆమెకి ఒక దురలవాటు ఉండేది. రోగి చనిపోతే ఎందుకు చనిపోయిందని అడిగేది. క్యాన్సర్ వార్డులో చనిపోతే క్యాన్సర్‌తో అని రాసి సంతకం పెట్టుకునే సుఖమైన ఉద్యోగంలో ఉండి, "సీకు చంపిందా, మందు చంపిందా, లేక మన ఆసుపత్రే చంపిందా?" అని పరిశోధన మొదలుపెట్టింది.

నాకు ఒకసారి వివరంగా చెప్పింది.

"తంగవేలూ, కరెంటు గడ్డని చంపుతుంది. దాంతోపాటు రక్తంలో కాపలా కాసే తెల్లకణాల్నీ చంపుతుంది. ఆ టైములో ఒకరి దగ్గు, ఒకరి చెయ్యి, ఏదైనా చాలు. గడ్డకి తప్పించుకున్న మనిషి జ్వరానికి దొరికిపోతుంది."

ఆడవాళ్ల వార్డు పొడుగాటి హాలు. ముందు తలుపులోంచి పోతే ఎడమ చేతి వైపు ఒక వరస మంచాలు, కుడి చేతి వైపు ఒక వరస. ఎడమ గోడకి కొళాయి ఉంది. అటు నర్సులు ఒక రోగిని ముట్టుకుని ఇంకొకరి దగ్గరికి పోయేలోపల చేతులు కడుక్కునేవాళ్లు. కుడి గోడకి కొళాయి లేదు. అటు చేతులు కడుక్కోవాలంటే హాలు దాటి రావాలి, కాబట్టి కడుక్కునేవాళ్లు కాదు. నెలల తరబడి చూసి డాక్టరమ్మ తేల్చింది. జ్వరాలన్నీ కుడి వరసలోనే. చావులూ అక్కడే ఎక్కువ.

మా అక్క మంచం కుడి వరసలో.

మంచాలన్నీ ఎడమకి జరుపుదామంటే హెడ్ నర్సు ఒప్పుకోలేదు. "నంబర్లు గోడమీద రాసుండాయి మేడం. మంచాన్ని జరపొచ్చు, గోడని జరపలేము గదా!" అంది. అందుకని డాక్టరమ్మ ఒకే ఒక కోరిక కోరింది. కుడి గోడకి ఒక కొళాయి.

ప్రభుత్వం ఎంత వేగంగా పనిచేస్తుందో నాకు అప్పుడే తెలిసింది. వారం తిరగకముందే కొళాయి వచ్చింది. ఇత్తడిది, తళతళలాడేది. దానికి ఎర్ర రిబ్బను కట్టి గోవిందరాజ్ చెప్పాడు, "మంత్రిగారు తెరిచేవరకు ఎవరూ ముట్టుకోకూడదు."

మంత్రిగారికి తీరిక దొరకలేదు. మొదట సూలూరులో పవర్‌లూమువాళ్ల సమ్మె. తర్వాత ఉపఎన్నిక. తర్వాత ముహూర్తం కుదరలేదు. పార్టీకి రాహుకాలం మీద నమ్మకం లేదు గనక, రాహుకాలం కాని టైము కోసం చాలా రహస్యంగా వెతకవలసి వచ్చింది. డాక్టరమ్మ ఆగలేక కుడి వరసలో ఒక బక్కెట్టు, చెంబు, సబ్బు పెట్టించింది. గోవిందరాజ్ వచ్చి బక్కెట్టు తీసుకుపోయాడు.

"కొళాయి పక్కన బక్కెట్టు పెడితే కొళాయిని అవమానించినట్లు కాదా డాక్టరమ్మా?"

మా అక్క పక్క మంచం మునియమ్మాళ్‌ది. కినత్తుకడవు మనిషి, కొబ్బరితోపుల్లో కూలికి పోయేది. రోజూ ఆ రిబ్బను చూసి, "ఎంత బాగుండాది రామక్కా! మంత్రి వొచ్చి కోసినంక ఆ ముక్క నేనడుగుతా. మనవరాలి జడకి అవుతాది" అనేది. మునియమ్మాళ్‌కి గడ్డ కరిగిపోయింది. డాక్టరమ్మ సంతోషంగా చెప్పింది కూడా. ఆ మరుసటి వారం జ్వరం వచ్చింది. రిబ్బను ముక్క అడగడానికి ఆమె లేదు.

ఆ పొద్దున డాక్టర్ కాంతమ్మాళ్ ఆపరేషను గదిలోంచి కత్తెర తెచ్చి రిబ్బను పుటుక్కున కత్తిరించి, కొళాయి తిప్పి చేతులు కడుక్కుంది. నర్సులు వరసగా వచ్చి కడుక్కున్నారు.

మధ్యాహ్నానికి కొత్త రిబ్బను, దానికి కాపలాగా మాడసామి అనే కానిస్టేబులు వచ్చారు. మాడసామి మంచివాడు. విధి నిర్వహణలో కొళాయి దగ్గరికి చీమని కూడా రానివ్వలేదు. కాకపోతే కొంచెం దగ్గు ఉండేది. కుడి వరసకి ఎదురుగా నిలబడి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఖళ్లు ఖళ్లున దగ్గుతూ ప్రభుత్వ ఆస్తిని కాపాడాడు.

ఎట్టకేలకు మంత్రిగారు వచ్చారు. ముందు నాదస్వరం, వెనక ఊరు. తెల్లకణాలు లేని ఆడవాళ్లు పడుకున్న హాల్లోకి పార్టీ మొత్తం వచ్చి నిలబడింది. మంత్రిగారు రిబ్బను కోశారు, కొళాయి తిప్పారు, నీళ్లు వచ్చాయి. "వాళ్గ! వాళ్గ!" అని జయజయధ్వానాలు. కొళాయి కట్టేసి, గంధం పూసిన చేతులు చాచి రోగుల తలలు నిమరడానికి బయలుదేరారు.

డాక్టరమ్మ అడ్డం నిలబడింది. చేతిలో సబ్బు.

"చేతులు కడుక్కోండి సార్."

మంత్రిగారి ముఖం నల్లబడింది.

"ఏమ్మా? ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ చేతులు శుభ్రంగా లేవు."

"సాక్ష్యం ఉండాదా? రోడ్డు కాంట్రాక్టు సంగతా? అది మా బావమరిది, నాకు సంబంధం లే!"

డాక్టరమ్మ అనుకున్నది ఒకటి, మంత్రిగారికి వినబడింది ఇంకొకటి. మరునాడు ప్రతిపక్షం పేపరులో పెద్ద అక్షరాలు: "మంత్రి చేతులు మురికి. లేడీ డాక్టరు నిర్ధారణ."

ఇంకొకరైతే రాజీనామా చేసేవాళ్లు. మన మంత్రిగారు ధీరుడు. "శుద్ధహస్త యాత్ర" ప్రకటించారు. ఊరూరా వేదికెక్కి ప్రజల కళ్ల ముందు చేతులు కడుక్కుంటారు. దానికి ఏదో ఒక కొళాయి పనికిరాదు. ఆయన చేత్తో తెరిచిన చారిత్రక కొళాయే కావాలి. గోవిందరాజ్ మనుషులు వచ్చి దాన్ని గోడలోంచి ఊడబీకి, పూలు చుట్టి, లారీ ఎక్కించారు. కుడి గోడలో బొక్క మిగిలింది. అందులో ఎవరో గుడ్డ కుక్కారు.

మదురైలో మంత్రిగారు చేతులు కడుక్కుంటుంటే ఆడవాళ్లు కంటతడి పెట్టారట. అదే రోజు ఇక్కడ మా అక్కకి జ్వరం వచ్చింది.

దీన్ని నేను హాస్యంగా చెప్పలేను. ఒళ్లు కాలిపోతోంది. పెదవులు పగిలాయి. దారం ఎక్కడో తెగిందని, మిషను ఆపమని కేకలు పెడుతోంది. డాక్టర్ కాంతమ్మాళ్ స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంది. పెన్సిలిన్ సూదులు తనే వేసింది. ప్రతిసారీ హాలు దాటి ఎడమ కొళాయికి పోయి చేతులు కడుక్కుని, మళ్లీ హాలు దాటి వచ్చింది. ఆమె అరిగిన చెప్పుల చప్పుడు నాకు ఇంకా వినబడుతుంది. నేను తలుపు బయట గోడకి ఆనుకుని నిలబడి, జ్వరానికి ఆజ్ఞ ఇచ్చిన మనిషి తలుచుకుంటే ఇప్పుడైనా ఇంకోసారి ఇవ్వకూడదా అనుకున్నాను.

అక్క బతికింది. కాళ్లు కింద పెట్టగలిగిన రోజున మొదట చేసిన పని, మంచం పట్టుకుని నెట్టడం.

"ఏం చేస్తా ఉండావక్కా?" అన్నాను.

"ఆ పక్క పోతా ఉండా. మునియమ్మ మాదిరి పోయేదానికి నాకిప్పుడే ఇష్టం లే. పట్టురా!"

పట్టాను. హెడ్ నర్సు పరుగెత్తుకొచ్చింది. "నంబరు! గోడమీద నంబరు!"

"గోడకి జ్వరమొస్తే ఆ నంబరు పెట్టుకోమ్మా" అంది అక్క.

ఆమె వెనక కుడి వరస అంతా లేచింది. నెట్టగలిగినవాళ్లు నెట్టారు, లేనివాళ్ల మంచాలు మేము నెట్టాం. సాయంత్రానికి మంచాలన్నీ ఎడమ గోడ దగ్గర ఇరుకిరుకుగా చేరాయి. డాక్టరమ్మ చూసి, అడ్డు చెప్పకుండా, ఇంకో సబ్బు తెప్పించింది. జ్వరాలు తగ్గాయి.

నెల చివర ఆమె మద్రాసుకి నిజాయితీగా రాసి పంపింది. "కుడి వరసలో ఈ నెల ఒక్క జ్వరం కూడా లేదు. కారణం, అక్కడ రోగులు లేరు."

శాసనసభలో మంత్రిగారు మొదటి వాక్యం చదవగానే బల్లలు చరిచిన చప్పుడుకి రెండో వాక్యానికి సందు దొరకలేదు. ఆయన కూడా రెండోది చదవాల్సిన అవసరం చూడలేదు. తాను కొళాయి తెరిచిన వరసలో జ్వరం మాయమైంది! ఆజ్ఞ పాటించిన జ్వరాన్ని అభినందించి, పైనుంచి ఉత్తర్వు పంపారు: "కుడి వరస క్షేమమని పరిశోధనలో రుజువైనందున, ఇకపై రోగులందరినీ కుడి వరసలోనే ఉంచవలెను."

గోవిందరాజ్ మనుషుల్ని తీసుకుని వచ్చాడు. డాక్టరమ్మ తల పట్టుకుంది. ఎంత చెప్పినా, "ఉత్తర్వు ఉత్తర్వేనమ్మా. నాదేముండాది?" అంటాడు. మనుషులు మంచాల మీద చేతులు వేశారు.

అక్క తన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఉండు గోవిందరాజా. కుడి అంటే ఎవరికి కుడి?"

"లోపలికి వొచ్చేవాళ్లకి."

"యాడనుంచి వొచ్చేవాళ్లకి?"

హాలుకి ఆ చివర ఇంకో తలుపు ఉంది, వంటశాల వైపుకి. అక్క గోవిందరాజ్‌ని ఆ తలుపులోంచి బయటికి పంపి, మళ్లీ లోపలికి రమ్మంది. వచ్చాడు.

"ఇప్పుడు మేము యాపక్క ఉండాము?"

గోవిందరాజ్ తన రెండు చేతులూ చూసుకున్నాడు. ముఖం విప్పారింది. "కుడి పక్క! ఆమాంగ, కుడి పక్కే!" వెంటనే వంటశాల తలుపు మీద "ప్రవేశం" అని బోర్డు కొట్టించి, ఉత్తర్వు అమలైందని మద్రాసుకి ఫోను చేశాడు. డాక్టర్ కాంతమ్మాళ్ గట్టిగా నవ్వడం మేము చూసింది ఆ రోజే.

ఫలితం కళ్లారా చూడాలని మంత్రిగారు తరలివచ్చారు. వంటశాల వైపు బురద, ఫోటోగ్రాఫర్లకి నిలబడే చోటు లేదు. అందుకని తోరణాలు కట్టిన ముందు తలుపులోంచే వచ్చేశారు. రాగానే కుడికి తిరిగి చేతులు జోడించారు.

ఊడ్చిన నేల. బొక్కలో గుడ్డ.

"గోవిందరాజా, రోగులు యాడప్పా?"

గోవిందరాజ్‌కి చెమటలు పట్టాయి. "అందరికీ నయమైపోయిందన్నా. ఇండ్లకి పోయినారు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. జేబురుమాలుతో తుడుచుకుని, ఖాళీ నేలకి దండం పెట్టి, ఫోటోలకి కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత ఇటు తిరిగారు. ఎడమ గోడ పొడుగునా ఇరుకు మంచాల మీద, జుట్టు రాలిన తలలకి గుడ్డలు కట్టుకుని ఆడవాళ్లందరూ ఆయన్నే చూస్తున్నారు.

"వీళ్లెవరు?"

"వీళ్లా... మిమ్మల్ని చూడనొచ్చిన జనం అన్నా."

మంత్రిగారు పొంగిపోయారు. పడుకుని కూడా తన కోసం ఎదురుచూసే ప్రజ! రెండు చేతులూ చాచి మంచాల వైపు అడుగు వేశారు. డాక్టరమ్మ సబ్బు తీసుకుంది. ఆమె కదిలేలోపలే మా అక్క మంచం మీద లేచి కూర్చుని చెయ్యి అడ్డం పెట్టింది.

"అవును సామీ, చూడనొచ్చినాము. చూసినాము. చాలు, ఇంక మీరు పొండి."

ఇంత తక్కువ అడిగిన ప్రజల్ని తన రాజకీయ జీవితంలో చూడలేదని మంత్రిగారు కారెక్కుతూ గోవిందరాజ్‌తో అన్నారట.