పికిలిపిట్టలకు రెండు నిబంధనలు

ఒక పెద్ద అడవిలో, పళ్ల కంటే సంఘాలే ఎక్కువగా కాసే ఒక మూల, పికిలిపిట్టల్ని వర్గీకరించే పని కుంకుమరాజు నెత్తికెత్తుకున్నాడు. ఎవరూ అడగలేదు. నెత్తిన నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ ఉన్న తనలాంటివాణ్ణి ఒకరు అడగాలా?

అసలు గొడవ నేరేడు చెట్టు గురించి. అసలైన పికిలిపిట్టలే దాని మీద ఉండాలని సంఘం తీర్మానించింది. అసలైనవెవరో తేల్చడానికి అధ్యక్షుడు కుంకుమరాజు వాగు నీళ్లలో తన నీడ చూసుకుని రెండు నిబంధనలు రాయించాడు. నెత్తిన జుట్టుండాలి. తోక కింద ఎరుపుండాలి. పాట సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

పొరుగు కొమ్మ మీది బూదెమ్మ అందరికంటే బాగా పాడేది. కానీ ఒళ్లంతా బూడిదరంగు.

"అన్నయ్యా, మా అమ్మా పికిలే, అమ్మమ్మా పికిలే కదా!"

"నేనేం చెయ్యనమ్మా? నిబంధనలు అలా ఉన్నాయి," అన్నాడు కుంకుమరాజు, వాటిని ఇంకెవరో రాసినట్టు.

బూదెమ్మ ముళ్లపొదలోకి మారింది.

తనిఖీ గుమాస్తాగా ఊసరవెల్లిని వేశారు. రంగుల గురించి దానికంటే ఎవరికి తెలుసు? అది మూడోనాడు కుంకుమరాజు గూటికే వచ్చింది. ఆ పొద్దున్నే గుడ్లు పగిలి ముగ్గురు పిల్లలు బయటికొచ్చారు.

"అధ్యక్షులవారూ, వీళ్లకి జుట్టు లేదు, ఎరుపు లేదు. అసలు ఈకే లేదు. ఎవరండీ వీళ్లు?"

"నా పిల్లలయ్యా!"

"నిబంధనల్లో పిల్లలన్న మాట లేదండీ. సాయంత్రం వస్తాను. అప్పటికి ఖాళీ చేయించండి."

కళ్లైనా తెరవని పిల్లలు ఎక్కడికి పోతారు? కుంకుమరాజు తుమ్మజిగురు తెచ్చి, తన జుట్టూ ఎర్ర ఈకలూ ఒక్కొక్కటే పీక్కుని పిల్లలకు అంటించాడు. ప్రాణం పోయినంత పనైంది.

సాయంత్రం ఊసరవెల్లి పిల్లల్ని చూసి తలాడించింది. "అన్నీ సరిగ్గా ఉన్నాయి. వీళ్లు ఉండొచ్చు." తరవాత ఒక కన్ను కుంకుమరాజు వైపు తిప్పింది. "మరి ఈ బోడిపిట్ట ఎవరండీ?"

చీకటి పడేలోగా కుంకుమరాజు ముళ్లపొద ముందు నిలబడ్డాడు, సిగ్గుతో చచ్చిపోతూ.

"లోపలికి రా అన్నయ్యా," అంది బూదెమ్మ.

"ఇక్కడ నిబంధనలేమిటమ్మా?"

"ఏమీ లేవు."

"అయ్యో, అలాగైతే ఎవడు పడితే వాడు వచ్చేస్తాడు కదా!" అనేసి, తన తోక వంక చూసుకుని నోరు మూసుకున్నాడు.

నీతి: మనవాళ్లెవరో తేల్చాలనుకుంటే, గుడ్లు పగలకముందే తేల్చేసుకోవాలి.