ఆయిల్ కారని ఇల్లూ ఒక ఇల్లేనా!

ప్రతి ఇంటి వాకిట్లోనూ ఆయిల్ కారే బండి ఒకటి ఉండి తీరాలని చట్టం చేయాలి. చేయని ప్రభుత్వానికి నా ఓటు లేదు!

నవ్వకండి. ఇది ఆషామాషీగా అంటున్న మాట కాదు. నా పేరు గ్లెనిస్ ట్రాంటర్. మా ఆయన పేరు డెస్. పదకొండేళ్లుగా మా ఇద్దరి మధ్యా కాపురం చేస్తున్నది మా తెల్ల యూట్ బండి. వెనక సామాను తొట్టి, ముందు సీట్లో కుక్క, కింద ఆయిల్ చుక్క. మా ముర్రబిండి ఊళ్లో సగం ఇళ్లలో ఇలాంటి బండే ఉంది. మిగతా సగం ఇళ్లవాళ్లు ఏం పెట్టుకుని బతుకుతున్నారో నాకు తెలియదు.

ఆయిల్ కారడం వల్ల నష్టమని ఎవరన్నారు? మా వాకిట్లో కలుపు మొలిచి పదకొండేళ్లయింది. పాము ఆ చాయలకే రాదు. పోయినేడు పెర్త్ నుంచి మా ఆడపడుచు పది రోజులుంటానని వచ్చింది. తెల్ల చెప్పులతో వాకిట్లో కాలు పెట్టింది. మూడో రోజు విమానమెక్కింది. ఇంతటి ఉపకారం ఏ పూజ చేస్తే జరుగుతుంది, చెప్పండి?

ఇక ఆరోగ్యం సంగతి. మా ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్లు అరిగాయి కాబట్టి చర్చిలో మోకరిల్లలేడు. మంచం కింద పడిన నా కళ్లజోడు తీయమంటే డాక్టరు చీటీ చూపిస్తాడు. అలాంటి మనిషి తెల్లారేసరికి యూట్ పక్కన బోర్లా పడుకుని, కింద పరిచిన అట్టముక్కను లాగుతాడు! రాత్రి పడిన చుక్కల చుట్టూ పెన్సిలుతో గీత గీస్తాడు. తేదీ వేస్తాడు. షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలిస్తాడు.

"ఇవాళ రెండు తగ్గాయే గ్లెన్!" అని కిటికీలోంచి కేకేస్తాడు. ఆ రోజంతా హుషారే హుషారు. మా పెళ్లిరోజు ఏ నెలలో వస్తుందో తెలియకపోయినా, పోయిన ఆగస్టు పన్నెండున ఎన్ని చుక్కలు పడ్డాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఇరుగుపొరుగు కలిసిమెలిసి ఉండటం లేదని పెద్దలు బాధపడుతుంటారు కదా? మా షెడ్డుకొచ్చి చూడండి. పక్కింటి నెవ్ ప్రౌస్ రోజూ పదింటికి తన కుర్చీ తనే మోసుకొస్తాడు. ఇద్దరూ బానెట్ ఎత్తి, చేతులు కట్టుకుని, లోపలికి చూస్తూ నిలబడతారు. ముప్పావుగంట ఎవరూ నోరు విప్పరు. చివరికి నెవ్ "ఊఁ" అంటాడు. మా ఆయన "అదే మరి" అంటాడు. సభ ముగుస్తుంది.

ఈ మధ్య వాళ్ల పరిశోధన శాస్త్రీయంగా కూడా మారింది. ఇంజనంతా శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి, కాసేపు నడిపిస్తే కారేచోట నల్లగా చార పడుతుందట. ఎవరి పౌడరు? క్రిస్మస్‌కి మా చెల్లెలు పంపిన లావెండర్ డబ్బా! ఒక్క చిటికెడు మిగల్చలేదు. అడుగున సీలు పోయిందని ఆరేళ్లుగా ఇద్దరూ ఒట్టేసి చెబుతున్నారా, తీరా చూస్తే చార పైన మూత దగ్గర మొదలై వెనకవైపుగా కిందికి జారింది. పుండొకచోట, మందొకచోట! మూత కింద రబ్బరు పట్టీ మార్చారు. నాలుగు చుక్కలు రెండయ్యాయి. యూట్ మాత్రం వారం రోజులు పెళ్లికూతురిలా ఘుమఘుమలాడింది.

పట్టీ అంటే గుర్తొచ్చింది. ఆ పూటే నేనూ ఒక మాటన్నాను.

"డెస్, పనిలో పనిగా ఆ ఓవెన్ తలుపుకీ రబ్బరు పట్టీ వెయ్యకూడదూ? సరిగ్గా పడట్లేదు."

"అదే సర్దుకుంటుందిలేవే" అన్నాడు.

తొమ్మిదేళ్లుగా నేను అడుగుతూనే ఉన్నాను, ఓవెన్ సర్దుకుంటూనే ఉంది. తలుపుకు వంటింటి కుర్చీ ఒకటి ఆనించి పని కానిస్తున్నాను. సరే, అది వేరే సంగతి. మనం యూట్ గొప్పతనం గురించి మాట్లాడుకుంటున్నాం.

ఏటా మార్చిలో మా ఊళ్లో షో జరుగుతుంది. గొర్రెలు, గుమ్మడికాయలు, రొట్టెలు, అన్నిటికీ పోటీలే. రొట్టెల్లో తొమ్మిదేళ్లుగా నాకు రెండో బహుమతి. మొదటిది నెవ్ భార్య వాల్‌కి. మరి రాదా? ఆవిడ మొగుడు పొద్దస్తమానం మా షెడ్డులోనే ఉంటాడు. ఆవిడ వంటిల్లు ప్రశాంతంగా ఉంటుంది. నా రొట్టె గురించి జడ్జీ ఏటా రాసేది ఒకటే మాట: 'రుచి అమోఘం. ఒక పక్క పాలిపోయింది.' ఆ పక్క ఏ పక్కో మీకు చెప్పక్కర్లేదు.

ఈసారి మాత్రం పంతం పట్టాను. తలుపుకు కుర్చీ ఆనించి, కుర్చీకి నా వీపు ఆనించి, నలభై నిమిషాలు నేలమీద కూర్చున్నాను. మూడు రొట్టెలు కోళ్లకు పోయాయి. నాలుగోది బయటికి తీసి చూస్తే నాకే కళ్లు చెమర్చాయి. నాలుగు వైపులా ఒకే బంగారు రంగు! షోలో ఇచ్చేయడానికి గడువు సాయంత్రం ఐదు. ఇంకా పదకొండే. కిటికీ దగ్గర చల్లారబెట్టి, మీద గుడ్డ కప్పి, తల స్నానానికి వెళ్లాను.

అదే పూట షెడ్డులో చరిత్ర నడుస్తోంది. క్లచ్ తొక్కితే పందిపిల్ల అరిచినట్టు అరుస్తోందని మా ఆయన యూట్ గేర్‌బాక్స్ కిందికి దించాడు. క్లచ్ ఊడదీశాడు. ఇంతా చేస్తే దోషి ఎవరు? ఇంజను వెనక గుంటలో కూర్చున్న ఉంగరమంత పైలట్ బేరింగ్. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పట్టుకున్నారు సరే, అది ఊడి రాదే! కొక్కెం పెట్టి లాగితే కొక్కెం విరిగింది. తుప్పు వదిలించే మందు కొడితే మందు అయిపోయింది.

అప్పుడు నెవ్ నోరు విప్పాడు. ఆ తర్వాత జరిగిన సంభాషణ నేను వినలేదు. ఇద్దర్నీ విడివిడిగా నిలదీసి రాబట్టాను.

"రొట్టె కావాల్రా డెస్."

"ఇప్పుడే కదరా శాండ్‌విచ్ మింగావు?"

"తినడానిక్కాదు. ఆ కన్నంలో రొట్టె కూరి, సరిపడా కడ్డీ పెట్టి సుత్తితో కొట్టు. లోపలికెళ్లిన రొట్టెకి ఇంకెక్కడికీ వెళ్లే దారుండదు. బేరింగ్‌ని వెనకనుంచి తన్ని బయటికి నెడుతుంది. మా నాన్న ట్రాక్టర్‌కి అలాగే తీసేవాడు."

"డబ్బాలో కొట్లో కొన్న బ్రెడ్డుంది, తెస్తానుండు."

"అందులో గాలి తప్ప ఏముందిరా? ఇంట్లో చేసిందైతే దిట్టంగా ఉంటుంది."

నెవ్‌ని నేను అనుమానించడం లేదు. మొదటి బహుమతి తెచ్చుకునే ఆడదాని మొగుడు, రెండో బహుమతి తెచ్చుకునే ఆడదాని రొట్టెను సుత్తితో కొట్టించడం కాకతాళీయమే. నోట్లో వేలు పెట్టినా కొరకలేడు పాపం.

నేను తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి కిటికీ దగ్గర గుడ్డ ఉంది. గుడ్డ కింద ఏమీ లేదు. షెడ్డులోంచి సుత్తి చప్పుడు, ఆపైన ఇద్దరు మగాళ్ల విజయనాదం! పరుగెత్తాను.

"గ్లెన్! నీ రొట్టె అద్భుతమే!" అన్నాడు మా ఆయన, అరచేతిలో బేరింగ్ పెట్టి చూపిస్తూ. గడ్డం నిండా రొట్టె పొడి. "రెండు పిడికిళ్లు కూరానో లేదో, టప్పున ఊడొచ్చింది. ఇంత దిట్టమైన రొట్టె ఈ జిల్లాలో లేదు!"

నలభై ఒక్క ఏళ్ల కాపురంలో నా రొట్టెను మా ఆయన మెచ్చుకోవడం అదే మొదలు.

మిగిలిన సగం రొట్టె ఇంజను మీద కూర్చుని ఉంది. దాని పక్కన విప్పిన బోల్టులు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో ఎర్ర రిబ్బను ముక్క కట్టి 'పైది', 'కిందిది', 'నెవ్ పోగొట్టింది' అని రాసి ఉంది. ఆ ఎరుపు నాకు తెలుసు.

"డెస్... ఈ రిబ్బన్లెక్కడివి?"

"డ్రాయర్లో ఊరికే పడున్నాయి కదే. మంచి రంగు, చీకట్లో కూడా కనిపిస్తుంది."

అవి నా తొమ్మిదేళ్ల రెండో బహుమతులు. నేను అక్కడే ఒక బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని ఏడ్చాను. దాచడం దేనికి, బాగా ఏడ్చాను.

మగాళ్లిద్దరూ భయపడిపోయారు. నెవ్ తన కుర్చీ తీసుకుని మెల్లగా జారుకున్నాడు. సంగతి తెలిశాక మా ఆయన ముఖం కూడా పాలిపోయింది. "ఇంకో రొట్టె చేసెయ్యి గ్లెన్, ఆ కుర్చీ నేను పట్టుకుంటా" అన్నాడు. పట్టుకున్నాడు కూడా. ఇరవై నిమిషాలు బుద్ధిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత కొత్త బేరింగ్ సైజు అడగడానికి నెవ్ కిటికీ దగ్గరికొచ్చాడు. మా ఆయన లేచాడు. కుర్చీ జారింది.

యూట్ ముక్కలై పడి ఉంది కాబట్టి షోకి వాల్ కార్లోనే వెళ్లాను. ఆవిడ రొట్టెకు సీటు బెల్టు పెట్టింది. నాది ఒళ్లో పెట్టుకున్నాను. ఫలితం చెప్పాలా? 'రుచి అమోఘం. ఒక పక్క పాలిపోయింది.' పదో ఎర్ర రిబ్బను.

ఇంటికొచ్చాక ఆ రిబ్బను చేత్తో పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. మా ఆయన చెడ్డవాడా? కాదు. బద్ధకస్తుడా? ఒక్క చుక్క కోసం ఆరేళ్లు వెతికిన మనిషి! మరి లోపం ఎక్కడుంది? పాఠకులారా, లోపం నాదే. అడగాల్సిన పద్ధతిలో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన లేవకముందే షెడ్డుకెళ్లి పాత ఆయిల్ డబ్బాలోంచి ఒక చెంచాడు తెచ్చాను. ఓవెన్ కింద శుభ్రమైన అట్టముక్క పరిచాను. మధ్యలో పోశాను.

ఆరింటికి టీ కోసం వంటింట్లోకొచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గ్లెన్! ఓవెన్... ఓవెన్ ఆయిల్ కారుతోందే!"

"అదే సర్దుకుంటుందిలే" అన్నాను.

"సర్దుకోవడమేంటి? నీకసలు దీని సంగతి తెలుసా?" అంటూ మోకాళ్ల మీద పడ్డాడు. చుక్క చుట్టూ గీత గీశాడు. తేదీ వేశాడు. ఏడింటికల్లా నెవ్ వచ్చాడు, కుర్చీతో సహా. పౌడరు లేదన్నాను. మైదాపిండి తెచ్చి తలుపు చుట్టూ చల్లారు. ఓవెన్ వెలిగించారు. కింది మూల దగ్గర వేడిగాలి తన్ని పిండంతా ఎగిరిపోయింది.

"పట్టీ పోయిందిరా!" అన్నాడు మా ఆయన, కొత్త ఖండం కనిపెట్టినంత గర్వంగా. "ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?"

సాయంత్రానికి కొత్త పట్టీ పడింది. తలుపు టక్కుమని మూసుకుంది. మరి ఓవెన్‌లో ఆయిల్ ఎక్కడినుంచి వచ్చిందని ఇద్దరూ చేతులు కట్టుకుని ముప్పావుగంట చూశారు. చివరికి నెవ్ "ఊఁ" అన్నాడు. మా ఆయన "అదే మరి" అన్నాడు.

కాబట్టి అక్కచెల్లెళ్లారా, ఆయిల్ కారే బండిని తిట్టకండి. అందులోంచి ఒక చెంచాడు పట్టి దాచుకోండి. మీరు తొమ్మిదేళ్లు చెప్పిన మాట అది ఒక్క పూటలో చెబుతుంది.

నిన్న రొట్టె కాల్చాను. నాలుగు వైపులా ఒకే రంగు. వాల్‌కి ఒక ముక్క పంపించాను, వచ్చే మార్చికి మానసికంగా సిద్ధపడుతుందని. కుర్చీకి ఇప్పుడు పని లేదు కాబట్టి తొమ్మిదేళ్ల తర్వాత దాని మీద నేనే కూర్చున్నాను. ఈ కాలమ్ అందులో కూర్చునే రాశాను.

ఇక లేవాలి. పెరటి తలుపు గడియ ఏడేళ్లుగా పడటం లేదు. ఆయన నిద్ర లేచేలోగా దాని కింద అట్ట పరిచి రావాలి.