తోటలో తాతయ్య గొంతు

మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ, జింకల సంగతి తనకు వదిలేయమని సూర్యారావు మనవరాలితో చెప్పాడు. నిషిత వ్యవసాయ డిప్లొమా చదువుతోంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దారిలో ఇంటి వెనక ఆమె వేసిన అలసంద మడి చూసి మార్కులు వేయడానికి సోమవారం కాలేజీ సారు వస్తాడు. ఈలోగా పొలాల్లోంచి వచ్చే నాలుగు జింకలు సారుకంటే ముందే మడిని పరీక్షిస్తున్నాయి.

సూర్యారావు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. కుర్రాళ్ళనైనా జింకలనైనా దారిలో పెట్టేది గొంతేనని ఆయన నమ్మకం. పిట్టల్ని తోలడానికి రైతులు వాడే మైకు ఒకటి కొని, అందులో తన అరుపు రికార్డు చేశాడు. జింకల్ని తిట్టి ఎరగడు కాబట్టి వచ్చిన తిట్టే తిట్టాడు: "ఎవడ్రా అక్కడ? హెల్మెట్ ఏది? ముందు బయటికి నడు!" మైకును కంచె గుంజకు కట్టి, లోపలికెళ్ళి పేపరు చదువుకున్నాడు.

మొదటి రోజు జింకలు పరుగో పరుగు. రెండో రోజు నిలబడి విన్నాయి. మూడో రోజు వింటూ తిన్నాయి. సూర్యారావు సౌండు పెంచాడు.

శనివారం ఆ సౌండు రోడ్డు దాకా వెళ్ళింది. ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సూపర్‌వైజరైన పాండు, హెల్మెట్‌ను బైకు అద్దానికి తగిలించుకుని షిఫ్టుకు పోతూ బ్రేకు కొట్టాడు. అతను ఆగాడని వెనక బైకులు ఆగాయి. బైకులు ఆగాయని కంపెనీ బస్సు ఆగింది. దిగినవాళ్ళు గేటు తీసుకుని లోపలికొచ్చి, అలవాటు ప్రకారం వరసగా నిలబడ్డారు. నిలబడింది అలసంద మడిలో.

"తప్పయింది సార్, ఇప్పుడే పెట్టుకుంట," అన్నాడు పాండు, పొదల వెనకున్న మైకుతో. "జెర వీళ్ళ ముందట అనకుండ్రి. వీళ్ళు నా కింద పని చేస్తున్నరు."

పదకొండు మంది తలలు వంచుకున్నారు. మడి రెండో కొసన జింకలు కూడా తలలు వంచుకునే ఉన్నాయి, మేస్తూ.

సూర్యారావు పరుగెత్తుకొచ్చేసరికి సగం మడి మిగిలింది. వారమంతా కిటికీలోంచి తాను గమనించింది నిషిత అప్పుడు చెప్పింది.

"మీ గొంతు వినపడిందంటే మీరు తోటలో లేనట్టేనని వాటికి తెలిసిపోయింది తాతయ్యా. ఇక్కడ కుర్చీ వేసుకుని కూర్చోండి. ఏమీ అనకండి."

"అనకపోతే ఎలా నేర్చుకుంటాయే?"

"నాకు స్కూటీ నేర్పినప్పుడు మీరు నోరెత్తలేదుగా. వెనక కూర్చున్నారంతే."

"భయంతో నోరు పెగల్లేదు," అన్నాడాయన.

అయినా ఆదివారమంతా మడి పక్కన కుర్చీలో మాట్లాడకుండా కూర్చున్నాడు. జింకలు గట్టు దాకా వచ్చి, మనిషిని చూసి వెనక్కి పోయాయి.

సోమవారం సారు మిగిలిన సగం చూసి మెచ్చుకున్నాడు. మంచి మార్కులే వేశాడు. ఇంతకీ జింకల్ని ఎలా ఆపారని పెద్దాయన్ని అడిగాడు. సూర్యారావు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

గట్టు అవతల నాలుగు జింకలు భోజనానికి లేచాయి.